బోర్డెక్కిన బలియలు

బాన్సువాడ బస్టాండుకు ఎదురుగా ఉన్న హీరాలాల్ హోటల్ గోడకు ఒక నల్లబోర్డు ఉండేది. దాని కింది సగం హీరాలాల్‌ది, పై సగం రామబ్రహ్మానిది. కింది సగంలో ఆ పూట దొరికే మిర్చి బజ్జీ, ఉప్మా, బాలూషా పేర్లు రాసి ఉండేవి. పై సగంలో "రోజుకో ముక్క" అని శీర్షిక పెట్టి, ఊరివాళ్లకు తెలియని భాష, చరిత్ర, సంస్కృతి రామబ్రహ్మం రాసేవాడు. ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు నాటికి ఊరు ఆ పై సగానికి ఎంత అలవాటు పడిందంటే, బజ్జీ కోసం వచ్చినవాడు కూడా ముక్క చదివాకే మిరపకాయ కొరికేవాడు. చదువు రానివాడు చదువు వచ్చినవాడికి చాయ్ తాగించి మరీ చదివించుకునేవాడు. హీరాలాల్ వ్యాపారి కనుక పై సగానికి కిరాయి అడగలేదు.

రామబ్రహ్మం కోస్తా మనిషి. నిజాంసాగర్ కాలువ నీళ్లను నమ్ముకుని పడుచు వయసులోనే పెళ్లాంతో వచ్చి వర్ని దగ్గర దిగాడు. బీడు దున్ని, వరి వేసి, నిలదొక్కుకున్నాడు. అంతవరకూ అతన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. మోకాళ్లు మొరాయించాక పొలం కౌలుకిచ్చి బాన్సువాడలో ఇల్లు కట్టుకున్నాడు, అక్కడ మొదలైంది తంటా. తెల్లారి లేస్తే నీళ్లు పెట్టడానికి మడి లేదు, కసురుకోవడానికి కూలీలు లేరు. అంత తెలివిని ఇంట్లో పెట్టుకుని ఊరికే కూర్చోవడం ఎలా? ఊరికి తెలియనిది ఊరికి చెప్పడమే పనిగా పెట్టుకున్నాడు.

మొదట్లో బాగానే నడిచింది. తాళంచెవిని చాబీ అంటాం కదా, అది పోర్చుగీసువాళ్ల నుంచి వచ్చిన మాట అని రాసిన రోజు, బజారులో దుకాణాలు మూసేవాళ్లంతా తమ చేతిలో సీమ సరుకేదో ఉన్నట్టు చాబీల వంక చూసుకున్నారు. కుర్చీ అనే మాట అరబ్బులదని రాసిన రోజు హోటల్లో జనం కాస్త సర్దుకుని కూర్చున్నారు. నిజాంసాగర్ నీళ్లలో మునిగిన పల్లెల గురించి రాసిన రోజున మాత్రం ఒక ముసలాయన బోర్డు ముందు చాలాసేపు నిలబడి, కండువాతో కళ్లు తుడుచుకుని, చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు. నిజం చెప్పాలంటే ఆ బోర్డు చేసిన మంచిపని అదొక్కటే.

మాటల పుట్టుపూర్వోత్తరాలకు అట్ట ఊడిన నిఘంటువు ఒకటి సరిపోయింది. సంస్కృతికి నిఘంటువు లేదు. దానికి అతని భార్య నాగేంద్రమ్మ ఉంది. అన్నం కలుపుకుంటూ, "ఇవాళ జమున ఏమైనా చెప్పిందా?" అని అడిగేవాడు. తండాలో హోలీ ఎలా చేస్తారో, లంగాకు అద్దాలు ఎలా కుడతారో, పెళ్లికూతురు అత్తారింటికి పోతూ ఎలా పాడి ఏడుస్తుందో నాగేంద్రమ్మ చెప్పేది. మర్నాడు అది "పరిశోధనలో తేలిన విషయం" అనే మకుటంతో బోర్డెక్కేది. పరిశోధన అప్పుడు వంటింట్లో పప్పుకు తాలింపు వేస్తూ ఉండేది. మొదట్లో నాగేంద్రమ్మకూ అది ముచ్చటగానే ఉండేది. తన నోటి మాటను బస్టాండంతా నిలబడి చదువుతున్నదంటే ఏ ఆడమనిషి మాత్రం పొంగిపోదు?

జమున అంటే జమునాబాయి. ఊరికి కోసెడు దూరంలో ఉన్న తండా మనిషి. కారం దంచడానికి, బియ్యం చెరగడానికి నాగేంద్రమ్మ ఇంటికి వచ్చేది. పనిమనిషి అని ఊరు అనుకునేది గాని, నాగేంద్రమ్మ లెక్క వేరు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ వర్ని క్యాంపులో తనవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లతో మాట్లాడితే ఎవరి పంట ఎంత, ఎవరి గొలుసు ఎన్ని తులాలు అన్నదాని దగ్గరే మాట ఆగిపోయేది. మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవడానికి ఆమెకు ఈ దేశంలో దొరికింది జమున ఒక్కతే. ఇద్దరూ పెరటి వసారాలో రోలుకు అటూ ఇటూ కూర్చుంటే పనీ నడిచేది, మాటా నడిచేది.

ఆ వసారాలో జమున ఇంకెక్కడా చెయ్యని పని ఒకటి చేసేది. మోచేతి పైనుంచి భుజం దాకా వేసుకున్న తెల్లని గాజులను, వాళ్లు బలియలంటారు వాటిని, ఆముదం రాసి ఒక్కొక్కటే జార్చి, గోడ పక్కన గుడ్డ మీద పేర్చేది. పెళ్లినాడు ఎక్కిన బలియలు మొగుడు పోయిననాడే దిగాలి. కానీ కారం దంచేటప్పుడు చెమట పట్టి, ఆ చెమటలో కారం దిగి, గాజుల కింద చర్మం భగభగ మండేది. ఎండాకాలం వస్తే పుండ్లు పడేవి. మొదటిసారి వాటిని తీసినప్పుడు జమున భయంగా నాలుగు వైపులా చూసింది. నాగేంద్రమ్మ లేచి పెరటి తలుపు గడియ పెట్టింది. అప్పటినుంచి ఆ చేతులకు గాలి తగిలే చోటు లోకంలో అదొక్కటే అయింది. తండాకు బయలుదేరే ముందు మళ్లీ అన్నీ ఎక్కించుకునేది.

జమున మొగుడు తారాచంద్ చెరుకు కొట్టే ముఠాతో మహారాష్ట్ర పోయి ఏళ్లు గడిచాయి. ముఠా తిరిగొచ్చింది, అతను రాలేదు. షోలాపూర్ వైపు ఇంకో సంసారం పెట్టాడని కొందరూ, జ్వరంతో పోయాడని కొందరూ అన్నారు. ఎవరూ కళ్లతో చూసినవాళ్లు కారు. అతను ఉన్నట్టా లేనట్టా అన్నది జమునకు బెంగ మాత్రమే కాదు, బతుకు సమస్య. ఉన్నట్టయితే గుడిసె ఆమెది, గుడిసె వెనక మెట్ట చెలక ఆమెది, తన పొయ్యి మీద తన రొట్టె. పోయినట్టు తేలిందా, ఆ తండా కట్టుబాటు ప్రకారం ఆమె మరిది చూరు కిందికి చేరాలి, చెలకా అటే పోతుంది. మరిది లక్‌పతికి ఆ చూరు కింద అప్పటికే ఒక పెళ్లాం ఉంది. అయినా అన్న చావు కబురు కోసం అతను చూసినంత ఆశగా ఇంకెవరూ చూడలేదు. అందుకని జమున ఎంత మండినా తండాలో బలియలు తీసేది కాదు. ఇదంతా ఆమె నాగేంద్రమ్మకు ఒక్కదానికే చెప్పింది.

ఇక రామబ్రహ్మానికి ఒక గుట్టు ఉంది. అతను బోర్డు మీద మూఢనమ్మకాలను చీల్చి చెండాడేవాడు. పిల్లి ఎదురొస్తే పని చెడుతుందనడం అవివేకమనీ, పిల్లి తన పని మీద తాను పోతుందనీ పెద్ద అక్షరాలతో రాశాడు. కానీ రోజూ పొద్దున్న అతను గడప దాటాలంటే ముత్తైదువ ఎదురు రావాలి. నాగేంద్రమ్మ పెరటి తలుపు తీసుకుని, సందు చుట్టి, నీళ్ల చెంబుతో వీధి గుమ్మానికి ఎదురు నడిచి రావాలి. వస్తేనే సుద్దముక్క జేబులో వేసుకుని కదిలేవాడు. పిల్లి గురించి రాసిన రోజు కూడా ఆమె చెంబు పట్టుకుని సందు చుట్టింది.

మాఘం వెళ్లిపోతూ ఎండ ముదురుతున్న రోజుల్లో ఒకనాడు నాగేంద్రమ్మ పాలు పొంగుతున్నాయని ఆలస్యం చేసింది. ఈలోగా పనికి వస్తున్న జమున రామబ్రహ్మానికి ఎదురైంది. అతను గొణుక్కుంటూ వెళ్లాడు. ఆ రోజే బస్టాండు దగ్గర తహసీల్దారు జీపు ఆగింది. ఆయన బజ్జీ తిన్నాడు, ముక్క చదివాడు, "బాగుంది" అన్నాడు. బాగున్నది బజ్జీయా ముక్కా అని హీరాలాల్‌కు సందేహం వచ్చింది గాని రామబ్రహ్మానికి రాలేదు. కాళ్లు నేలకు ఆనకుండా ఇంటికొచ్చి, జమున శకునం భలే కలిసొచ్చిందనీ, ఇక నుంచి ఆవిడనే రమ్మనాలనీ అన్నాడు. అంతలోనే అనుమానం వచ్చింది. ఆవిడ ముత్తైదువేనా కాదా అని అడిగాడు.

నాగేంద్రమ్మ అప్పుడు అప్పడాలు వేయిస్తోంది. చేయి కాలింది, చిరాగ్గా ఉంది. "ఉన్నాడో పోయాడో దానికే తెలీదు. ఆ గాజులేమో తండా కోసం వేసుకుంటుంది, మనింట్లో తీసి పక్కన పెడుతుంది. నన్నేం అడుగుతారు?" అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. మొగుడు వినిపించుకోనట్టు మజ్జిగ జుర్రుకుంటున్నాడు కదా, చెవిన పడలేదులే అని సర్దుకుంది. అన్నేళ్ల కాపురం చేసి కూడా ఆ మనిషి చెవుల సంగతి ఆమెకు తెలియకపోవడం ఆశ్చర్యమే.

మర్నాటి ముక్క ఇది: "లంబాడా స్త్రీలు మోచేతి పైన ధరించే బలియలు భర్త క్షేమానికి చిహ్నం. అయితే మన పట్టణంలో ఒక ఇంట పనిచేసే స్త్రీ వాటిని తీసి పక్కన పెట్టి, తండాకు పోయేటప్పుడు తిరిగి ధరిస్తున్నట్టు పరిశోధనలో తేలింది. ఆచారాలు కాలంతో పాటు మారతాయనడానికి ఇది చక్కని ఉదాహరణ." రాసి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, ఉదాహరణ కింద ఒక గీత కూడా గీశాడు. నిజానికి అతను జమునను పొగిడాననే అనుకున్నాడు.

పేరు లేని ఆ స్త్రీ ఎవరో కనుక్కోవడానికి బాన్సువాడకు ఒక చాయ్ తాగేంత సేపు కూడా పట్టలేదు. రామబ్రహ్మం పరిశోధన ఎవరి వసారాలో జరుగుతుందో అందరికీ తెలుసు. ఆ వసారాలో రోకలి ఎవరిదో అంతకన్నా బాగా తెలుసు. ఎరువుల బస్తా కోసం ఊళ్లోకి వచ్చిన లక్‌పతి ఆ ముక్కను ఒకసారి చదివి, నమ్మలేక మళ్లీ చదివి, బస్తా మాట మరిచి తండా దారి పట్టాడు. ఆ సాయంత్రం తండా పెద్ద నాయక్ ఫూల్‌సింగ్ గడప ముందు నిలబడి, మా వదిన తన చేత్తో తానే బలియలు తీసిందంటే అన్న పోయిన సంగతి ఆమెకు తెలుసన్నమాటేనని వాదించాడు. పోకపోతే, మొగుడు బతికుండగా తీసిన దానికి తప్పు కట్టాలన్నాడు. ఎటు తిరిగినా తనకు లాభమయ్యేట్టే మాట్లాడాడు. ఫూల్‌సింగ్ ఆలోచించి, ఆదివారం పంచాయితీ అన్నాడు.

జమున పనికి రావడం మానేసింది. ఎందుకు రాలేదో నాగేంద్రమ్మకు తెలియదు. జ్వరమేమో అనుకుంది. దంచాల్సిన మిరపకాయలు చాట మీద ఎండుతూ ఉన్నాయి. అసలు సంగతి రామబ్రహ్మమే మోసుకొచ్చాడు. చెప్పులు విప్పకుండానే, తన ముక్క మీద తండాలో పంచాయితీ పెడుతున్నారనీ, బస్టాండు దాటి తండాల దాకా చర్చ నడుస్తున్నదంటే ఇంతకన్నా ఏం కావాలనీ సంబరంగా చెప్పాడు. ఏ ముక్క అని ఆమె అడిగింది. అతను కంఠస్థం ఒప్పజెప్పాడు, గీత గీసిన సంగతితో సహా.

నాగేంద్రమ్మ నెత్తి కొట్టుకుంది. దానికి గుడిసె పోతుంది, ఆ లక్‌పతి పంచన పడుతుంది, ఇదంతా నా నోటి మూలాన వచ్చింది అని ఏడ్చింది. అది చూసి రామబ్రహ్మం కంగారు పడ్డాడు గాని లొంగలేదు. పేరు రాయలేదు కదా అన్నాడు. పైగా మెచ్చుకుంటూ రాశానన్నాడు. పోనీ రేపు అది తప్పని రాయండి అంటే మాత్రం ఒప్పుకోలేదు. ఒక్కసారి తప్పు అని రాస్తే చాబీ దగ్గర్నుంచి అన్నీ అనుమానంలో పడతాయట, పోర్చుగీసువాళ్లు కూడా చేజారిపోతారట. ఆమె బతిమాలింది, అరిచింది, మాట్లాడటం మానేసింది. అతను నిఘంటువు తెరుచుకుని కూర్చున్నాడు.

శనివారం పొద్దున్న రామబ్రహ్మం చొక్కా వేసుకుని, సుద్దముక్క జేబులో వేసుకుని, గడప దగ్గర నిలబడ్డాడు. ఎదురు ఎవరూ రాలేదు. నాగేంద్రమ్మ వంటింట్లో పీట వేసుకుని కూర్చుని ఉంది. చెంబు ఆమె పక్కనే ఉంది. అతను గొంతు సవరించుకున్నాడు. కాలు ముందుకు పెట్టి, వెనక్కి తీసుకున్నాడు. వీధిలోకి తొంగి చూస్తే కట్టెల మోపుతో ఒకడు, వాడి వెనక నూనె డబ్బాతో ఇంకొకడు వస్తూ కనిపించారు. చటుక్కున తల లోపలికి లాక్కున్నాడు. బస్టాండులో బోర్డు పై సగం ఖాళీగా ఉందనీ, బోధన్ బస్సు దిగినవాళ్లు అడుగుతున్నారనీ హీరాలాల్ మనిషిని పంపాడు. రామబ్రహ్మం కాలు కాలిన పిల్లిలా గుమ్మానికీ వంటింటికీ మధ్య తిరిగాడు.

"నేనొక ముక్క చెబుతాను," అంది నాగేంద్రమ్మ, లేవకుండానే. "అది ఉన్నదున్నట్టు రాస్తానంటే ఎదురొస్తాను. లేదంటే పిల్లి వస్తుందేమో చూసుకుని వెళ్లండి."

అతనికి రాయడానికి ఆ రోజు ఏమీ లేదు కూడా. ఏమిటా ముక్క అన్నాడు. ఆమె అప్పటిదాకా ఏదీ ఆలోచించి పెట్టుకోలేదు. చెప్పడం మొదలుపెట్టాక నోరు దానంతటదే నడిచింది. ఆ ఇంట్లో అన్నాళ్లూ ముక్కలు అందించిన నోరు కదా, ముక్క ఎలా ఉంటే ఈయన పళ్లెంలో పడుతుందో దానికి తెలుసు. పూర్వకాలంలో అని మొదలుపెట్టింది. నమ్మకం అనే మాట ఒకటి వేసింది, పతిభక్తి అనే మాట ఒకటి వేసింది. రామబ్రహ్మం కళ్లు మెరిశాయి. ఎవరు చెప్పారని అడిగాడు. ముసలివాళ్లు అంది. ఏ ముసలివాళ్లని అతను అడగలేదు. ఆమె చెంబు తీసుకుని సందు చుట్టి ఎదురొచ్చింది.

బోర్డు దగ్గరికి చేరేసరికి ఆ ముక్కకు చిలవలు పలవలు మొలిచాయి. "మొగలాయి సైన్యాలకు సైతం ఎద్దుల మీద ధాన్యం చేరవేసిన లంబాడాలలో ఒక అపురూపమైన ఆచారం ఉండేది. భర్త బిడారుతో దూరదేశం పోయినప్పుడు, రోకలి పట్టే స్త్రీ తన బలియలు పగలకుండా తీసి, నమ్మకమైన ఇంట్లో దాచేది. బలియ పగిలితే బాటలో ఉన్నవాడికి కీడని విశ్వాసం. కనుక తీసి దాచడం పతిభక్తికి పరాకాష్ఠ. బిడారు తిరిగి వచ్చేవరకు ఆమెను ప్రశ్నించే హక్కు ఏ పంచాయితీకీ లేదు." మొగలాయిలను అతనే తెచ్చాడు. అపురూపం, పరాకాష్ఠ కూడా అతనివే. మిగతాదంతా నాగేంద్రమ్మ అప్పటికప్పుడు అల్లింది.

ఆదివారం బండి కట్టించుకుని మొగుడూ పెళ్లాలిద్దరూ తండాకు వెళ్లారు. రామబ్రహ్మం తన ముక్క మీద జరిగే చర్చ వినడానికి వెళ్లాడు. నాగేంద్రమ్మ గుండె చేత్తో పట్టుకుని వెళ్లింది. శనివారం ముక్క అప్పటికే తండాకు చేరింది. అక్కడ ఒక్కడు అది అబద్ధమంటే చాలు, జమున బతుకు ఇంకా అధ్వాన్నమవుతుంది. మంచం మీద ఫూల్‌సింగ్, చుట్టూ పెద్దలు, ఎదురుగా లక్‌పతి. జమున ఆడవాళ్ల మధ్య ముసుగు మోకాళ్ల దాకా లాక్కుని కూర్చుంది. బలియలన్నీ చేతులకు ఉన్నాయి. నాగేంద్రమ్మ వైపు తల తిప్పలేదు.

ఫూల్‌సింగ్ చుట్ట ఆర్పి, గొంతు సవరించుకున్నాడు. నాగేంద్రమ్మ కళ్లు మూసుకుంది. బలియలు దాచే ఆచారం మన తాతలనాటిదనీ, తన చిన్నతనంలో తాత ఒళ్లో కూర్చుని ఎన్నోసార్లు విన్నాననీ నాయక్ మొదలుపెట్టాడు. ఆమె కళ్లు తెరిచింది. పక్కనున్న ముసలాయన వెనకబడటం ఇష్టం లేక, అప్పట్లో ఎర్రగుడ్డలో మూటకట్టి దాచేవాళ్లన్నాడు. ఇంకొకాయన ఎరుపు కాదు, పసుపు గుడ్డ అన్నాడు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. దాచిన ఇంటివాళ్లు దీపం పెట్టేవాళ్లని ఒక ముసలమ్మకు గుర్తొచ్చింది. నిన్న పొద్దున్న పుట్టిన ఆచారానికి మధ్యాహ్నం అయ్యేసరికి నాలుగు తరాల సాక్ష్యం దొరికింది. మొగలాయి సైన్యాలకు ధాన్యం మోసినవాళ్ల మనవలం అన్న మాట ఒక్కటి చాలు, అక్కడున్న ప్రతి మగవాడూ నడుము నిటారు చేసి కూర్చోవడానికి.

లక్‌పతి లబోదిబోమన్నాడు. "నాయక్, మొన్నటిదాంక గీ ముచ్చట ఎవ్వలన్న చెప్పిన్రా? గా బోర్డు మీద నిన్న రాసిన్రు. గంతే."

"మొదటి ముచ్చట గూడ గా బోర్డు మీదనే గద నువ్వు సదివింది," అన్నాడు ఫూల్‌సింగ్ తాపీగా. "గది నమ్మినవ్. గిదెందుకు నమ్మవ్?"

వచ్చిన పెద్దమనిషిని అడుగుదామని అందరూ రామబ్రహ్మం వైపు తిరిగారు. అతను లేచి కండువా సవరించుకుని, చరిత్రలో ఇది స్పష్టంగా ఉందన్నాడు. అబద్ధమాడుతున్నానన్న జంకు ముఖంలో ఇసుమంత లేదు, ఎందుకంటే అప్పటికి అతను నిజంగానే నమ్మాడు. పెళ్లాం పీట మీద కూర్చుని చెప్పిన సంగతి అతనికి గుర్తే లేదు. నాగేంద్రమ్మకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ కొంగులో దాచుకుంది.

ఫూల్‌సింగ్ తీర్పు చెప్పాడు. జమున తప్పు చేయలేదు. తారాచంద్ తిరిగొచ్చేదాకా గుడిసె, చెలక ఆమెవే. ఆమెను అడిగేవాడు లేడు. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ దొరక్క దొరికిన ఆచారాన్ని ఒక్క మనిషికి ఇచ్చి వదిలేయడం నాయక్‌కు నచ్చలేదు. మనవాళ్లు చదువు లేక మరిచారు గాని ఇది మన పరువు అన్నాడు. ఈ ఏడు చెరుకు కొట్టడానికి పోయిన మగవాళ్ల పెళ్లాలంతా ఇకనుంచి ఇలాగే చేయాలన్నాడు. నమ్మకమైన ఇల్లు ఏదో అందరికీ తెలిసిందే కదా అని, నాగేంద్రమ్మకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆమె వద్దనడానికి వీల్లేకుండా పోయింది.

మర్నాడు తెల్లారేసరికి పెరటి తలుపు దగ్గర గలగలమని అందెల చప్పుడు. గడియ తీస్తే తండాలో సగం ఆడవాళ్లు అక్కడే ఉన్నారు. ఎర్రగుడ్డల వాళ్లు ఎర్రగుడ్డలతో, పసుపు గుడ్డల వాళ్లు పసుపు గుడ్డలతో వచ్చారు. మొదట ముడుచుకుని కూర్చున్నారు. ఆముదం గిన్నె ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది. ఒక్కొక్క బలియ జారుతుంటే, కింద నలిగి తెల్లబడిన చర్మాన్ని వాళ్లు తామే ఎప్పుడూ చూడనట్టు చూసుకున్నారు. ఒకామె భుజం గోక్కుని హమ్మయ్య అంది. దాంతో అందరూ నవ్వారు. ఇంకొకామె రెండు చేతులూ పైకెత్తి గాలికి ఆడించింది. వసారాలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఎవరూ ఒక పూట పని తగ్గించలేదు, కూలి పెంచలేదు. అయినా పండగ వచ్చినంత సందడి. నాగేంద్రమ్మకు సంతోషమే వేసింది, కానీ ఆ సందడిలో ఆమె కళ్లు ఒక్క మనిషినే వెతికాయి. జమున రోలు దగ్గర తన చోట్లో తాను కూర్చుని ఉంది. ఆమె చేతులకు బలియలు ఇంకా ఉన్నాయి.

అప్పుడే రామబ్రహ్మం సుద్దముక్క చేత్తో పట్టుకుని పెరటి గుమ్మంలోకి వచ్చాడు. ఆచారం కళ్ల ముందు జరుగుతుంటే చూడకుండా ఉండగలడా? గుడ్డ రంగు గురించి ఒకామెను ఏదో అడగబోయాడు. ఆడవాళ్లంతా ఒక్కసారిగా చేతులు ముసుగుల్లోకి లాక్కున్నారు, నవ్వులు ఆగిపోయాయి. బలియలు దిగిన చోట మగవాడు నిలబడకూడదని నాగేంద్రమ్మ గట్టిగా చెప్పింది. ఇది కూడా ఆచారమేనా అని అతను అనుమానంగా అడిగాడు.

"ఔ సారు. మా తాతలనాటిదే," అంది జమున, రోకలి ఆపకుండా.

అతను చాలా మర్యాదగా వెనక్కి తగ్గాడు. తలుపు మూసి, బయటినుంచి దగ్గి, ఎదురు ఎవరు వస్తారో కూడా చూసుకోకుండా బస్టాండు వైపు పరుగు తీశాడు. మళ్లీ నవ్వులు మొదలయ్యాయి.

నాగేంద్రమ్మ వాళ్లను దాటుకుంటూ వెళ్లి రోలు పక్కన చతికిలబడింది. చాటలో మిరపకాయల తొడిమలు తుంచుతూ కూర్చుంది. చివరికి గొంతు తగ్గించి చెప్పింది. "నేనే చెప్పానే ఆయనకి. నా నోరే జారింది."

"ఎరికే అక్క. నీకు దప్ప ఎవలికి జెప్పిన నేను?"

"కోపం రాలేదా?"

"వచ్చె. రాకుంటదా? నా గుడిసె నిలవెట్టింది గూడ నీ నోరే గద. ఇగ ఫికర్ జెయ్యకు."

నాగేంద్రమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. గుండె మీదినుంచి బరువు దిగినట్టయింది. ఎప్పటిలాగే జమున చెయ్యి పట్టుకుని బలియ మీద వేలు వేసింది, నువ్వూ తీసెయ్యవే, మండుతుంది కదా అంది. జమున చెయ్యి విడిపించుకోలేదు, కానీ తియ్యనూ లేదు. తారాచంద్ సంగతి ఏమైనా తెలిసిందా అని నాగేంద్రమ్మ అడిగింది. అది ఆమె రోజూ అడిగే మాటే.

"మొన్న చెరుకు కాడికెళ్లి వచ్చినోళ్లు ఖబర్ తెచ్చిన్రు," అంది జమున.

"ఏమని?"

జమున ఆమె ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, మునుపటి చనువు కూడా లేదు. ఊళ్లో ఎవరినైనా చూసినట్టు చూసింది. తర్వాత కళ్లు దించుకుని, రోట్లో కారాన్ని చేత్తో ఒక పక్కకు తోసింది.

"ఇంకిన్ని మిరపకాయలు వెయ్యి అక్క," అంది.

నాగేంద్రమ్మ చాటలోంచి దోసిలి నిండా తీసి రోట్లో వేసింది. రోకలి లేచింది, పడింది. ఆ కబురేమిటో ఆమెకు ఆ రోజు తెలియలేదు. ఆ తర్వాత జమున చెప్పలేదు, ఆమె అడగలేదు.